తోట తాకట్టు, డాలస్ కనికట్టు

అమలాపురం కుర్రాడు అమెరికాలో దిగిన తొలిరోజే డాలస్ అంతా చుట్టేశాడని వాళ్ల నాన్నగారు చెబితే వినండి. వినడం వరకే. నమ్మాల్సిన అవసరం లేదు.

దిగడం మాత్రం నిజంగానే దిగాడు. ఇమిగ్రేషన్ అధికారి ముందు గొంతులో పడ్డ వెలక్కాయ ఎలాగో మింగి, రెండు పెట్టెలూ లాక్కుంటూ బయటపడ్డాడు. పెట్టె ఒక్కింటికి 23 కిలోలు. గ్రాము అటూఇటూ కాకూడదని బయల్దేరే ముందు కొబ్బరికాయల కొట్లో కాటా మీద తూచారు. మొదటి పెట్టెలో ఆవకాయ, కందిపొడి, ఆత్రేయపురం పూతరేకులు, ప్రెషర్ కుక్కరు. రెండోదాంట్లో కూడా ఆవకాయే, అది చుట్టాలబ్బాయిది. ఇంత సామానులో పుస్తకం ఒక్కటైనా లేదేమిటని అడక్కండి. ఒకటి పెట్టారట, బరువు ఎక్కువైందని తీసేసి ఆ జాగాలో చేగోడీలు సర్దారు.

డాలస్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రైలుంది. మనవాడు ఎక్కలేదు. ఎలా ఎక్కుతాడండీ, అమలాపురంలో రైలెక్కిన అలవాటుంటే కదా! కోటిపల్లి-నర్సాపురం లైను 2000-01 రైల్వే బడ్జెట్లో మంజూరైంది. అప్పుడు లోక్‌సభ స్పీకరు మన బాలయోగిగారే. ఆ ఏడు పుట్టిన పిల్లలు బీటెక్కులు చదివి, వీసాలు కొట్టి, సముద్రాలు దాటేశారు. లైను మాత్రం ఇంకా గోదావరి పాయలు దాటే పనిలోనే ఉంది. అసలు కాకినాడ నుంచి కోటిపల్లి దాకా ఒకప్పుడు పట్టాలుండేవి. 1940లో యుద్ధం పేరు చెప్పి తెల్లవాడు పీక్కుపోయాడు. వాటిని మళ్లీ వేసుకోవడానికి స్వతంత్ర భారతానికి 2004 దాకా తీరిక దొరకలేదు. రైలు రాని ఊరికి వీసా వచ్చిందంటే సంతోషించాలి గానీ, లెక్కలు తీయకూడదు.

అంచేత కుర్రాడి కోసం కారొచ్చింది. తోలేది మలికిపురం అబ్బాయి, పక్కన రావులపాలెం, వెనకాల ముమ్మిడివరం. బస రెండు గదుల అపార్టుమెంటులో, ఏడుగురితో. దార్లో ఇండియన్ స్టోరులో బియ్యం బస్తా, ఆ పక్కనే బిర్యానీ, తరవాత ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమంతుడి దర్శనం. విదేశీ నగర సందర్శన అయిపోయింది. ఇందులో విదేశం ఎక్కడ, నగరం ఎక్కడ అని ఆరా తీసేవాళ్లు ఓర్వలేనివాళ్లు.

వశిష్ఠ అవతల మొగల్తూరు నుంచి మొక్కపాటివారి పార్వతీశం నూరేళ్ల కిందటే సీమకి వెళ్లాడు. కథలో మనిషే అనుకోండి, అయినా వెళ్లిన ప్రతి చోటా నోరెళ్లబెట్టాడు, తెలియనిది అడిగాడు, తప్పు చేశాడు, నలుగురిలో నవ్వులపాలయ్యాడు. ఊరు చూడ్డమంటే అదీ. మనవాడికి ఆ బాధ లేదు. దారి ఫోను చెబుతుంది, ధర మలికిపురం అబ్బాయి చెబుతాడు, తిండి రావులపాలెం అబ్బాయి తెప్పిస్తాడు. పొద్దున్నించి రాత్రి దాకా ఒక్క పరాయి మనిషితోనూ మాట్లాడకుండా పరాయి దేశంలో రోజు వెళ్లదీయడం మన తరం సాధించిన ఘనకార్యం.

అసలు పని ఇంకా ఉంది. ఫొటో!

దానికోసం అందరూ కలిసి డీలీ ప్లాజాకి వెళ్లారు. 1963 నవంబర్ 22న అధ్యక్షుడు కెనడీని కాల్చి చంపిన చోటది. మనవాడు అక్కడ రెండువేళ్లు విజయ చిహ్నంగా ఎత్తి, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. కింద 'నా కల నిజమైన చోటు' అని రాసుకున్నాడు. ఒంటిమీద నల్ల తోలుకోటు. ఆ కోటు ఆ గదిలో అందరిదీ. ఎవరు కొత్తగా దిగినా తొలిరోజు వాళ్ల భుజాల మీదికెక్కుతుంది. పొట్టివాడైతే చేతులు లోపలికి మడుస్తారు, లావుపాటివాడైతే బొత్తాలు వదిలేస్తారు. ఆనుకుని నిలబడ్డ ఎర్రకారు ఎవరిదో ఆ పరమాత్ముడికి తెలియాలి. వాడొచ్చేలోగా తీయరా అని ముమ్మిడివరం అబ్బాయి కంగారుపెడుతున్నాడు.

ఫొటో కోనసీమలో వాలేసరికి ఇక్కడ తెల్లవారింది. మొట్టమొదట చూసింది అమ్మ కాదు, తోట తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినాయన. వేలితో పెద్దది చేసి, కోటు నిగనిగ చూసి, కారు బొమ్మ చూసి, "ఆయ్, వడ్డీకి ఢోకా లేదండీ" అన్నాడు. రెండో చూపు పెళ్లిళ్ల పేరయ్యది. ఆయన కారుని చూళ్లేదు, వెనకాల మేడల అంతస్తులు లెక్కపెట్టాడు. కట్నం అంకెకి అవే ప్రాతిపదిక. మూడోది కన్సల్టెన్సీవారు. వాళ్లసలు ఫొటో చూడనేలేదు, తీసుకెళ్లి ప్రకటనలో వేసుకున్నారు. బ్యాంకులో లేని డబ్బుని వీసా ఇంటర్వ్యూ దాకా వడ్డీకి తెచ్చి నిలబెట్టిన పుణ్యాత్ములు వాళ్లు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు తిరిగితే చాలు, వీళ్ల చుట్టూ అన్ని వారాలూ తిరగాలి.

ఈ దళారీల మీద నాకేమీ కక్ష లేదు. ఇలాంటివాళ్ల చేతివాటం 2019 జనవరిలో మిషిగన్‌లోనే బయటపడింది. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటుండేది. వెబ్‌సైటు ఉంది, ముద్ర ఉంది, ఫీజు ఉంది. పాఠం లేదు, పంతులు లేడు. నడిపింది సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వ అధికారులే, వల పన్ని. చిక్కినవాళ్లలో చాలామంది తెలుగు పిల్లలు. వాళ్లని చేర్పించి కమీషన్లు తిన్నారని కేసు పడ్డ ఎనిమిదిమందీ పరాయివాళ్లేం కారు, తెలుగువాళ్లే. పాఠాలు చెప్పని కాలేజీలో చేరడం తప్పని పిల్లలకి ఎలా తెలుస్తుంది పాపం, ఇక్కడ నాలుగేళ్లు అలాంటిదాంట్లోనే కదా చదివారు!

ఇక పని సంగతి. చదువుకునే వీసా మీద వారానికి 20 గంటలు, అదీ కాలేజీ ఆవరణలోనే. ఇక్కడ తిన్న కంచం ఎత్తని కుర్రాడు అక్కడ క్యాంటీన్లో వంద కంచాలు తోముతాడు. అందులో నామోషీ ఏముంది? 1923లో బోస్టన్‌లో దిగిన యల్లాప్రగడ సుబ్బారావుగారు రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి హార్వర్డులో చదివారు. కానీ మనవాడు ఇంటికి ఫోన్ చేసి, "యూనివర్సిటీలోనే జాబమ్మా" అంటాడు. అమ్మ దాన్ని వీధి చివరికి మోసుకెళ్లేసరికి అది ప్రొఫెసర్ ఉద్యోగం అవుతుంది.

ఇదే కోనసీమ నుంచి, అదే శంషాబాద్ విమానాశ్రయం మీదుగా, ఇంకో విమానం ఎక్కేవాళ్లున్నారు. రాజోలు, మలికిపురం పక్కల నుంచి కువైట్, ఖతార్ ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్లు. వాళ్లకి 30 ఏళ్లు నిండాలని, ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నిబంధనలున్నాయి. ఏజెంటు దగ్గర విజిట్ వీసా కూడా ఉంది. వాళ్లకి కూడా విదేశీ నగరంలో తొలిరోజు ఒకటుంటుంది. విమానాశ్రయంలో ఎదురొచ్చిన మనిషి పాస్‌పోర్టు పుచ్చుకుంటాడు. కారు అద్దంలోంచి కాసేపు మేడలు, తరవాత వెనక గుమ్మం, ఆ తరవాత వంటగది. భాష రాదు, సైగలతో మొదలు. మాట్లాడితే పరాయి మనిషితోనే, చేసేది పరాయి ఇంట్లోనే. ఊరు చూడాలనుకున్నా తలుపు తీసే చెయ్యి వేరేవాళ్లది.

డాలస్ కుర్రాడి మేనత్త అలా వెళ్లినావిడే. తోట తాకట్టు పెట్టినా ఇంకా తక్కువపడ్డ డబ్బు ఆవిడే పంపింది. ఏడేళ్ల కువైట్ అది. ప్రయాణానికి ముందు ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో కుర్రాడు, నాన్నగారు, తాతగారు, ఎమ్మెల్యేగారు, ఎమ్మెల్యేగారి అబ్బాయి, శుభాకాంక్షలు చెప్పిన పదహారుగురు మిత్రులు, వాళ్లలో ఇద్దరు నల్లకళ్లద్దాలతో ఉన్నారు. మేనత్త లేదు. అడిగితే ఆ నాన్నగారే చెప్పారు: "ఆడమనిషి ఫొటో నలుగురిలో పెట్టడం ఎందుకండీ, బాగోదు." ఆడమనిషి డబ్బు నలుగురిలో ఖర్చుపెట్టడానికి ఆయనకి ఆ మొహమాటం ఉన్నట్టు లేదు.