వీపు రాసే చేతులేవమ్మా?

బాలింతకి వీపు పామడానికి కూడా ఇప్పుడు అపాయింట్‌మెంట్ కావాలట. గంటకి ఇంతని రేటు, ఇంటికొస్తే ఇంకో రేటు, వచ్చినావిడ కారు ఎక్కడ పెట్టుకోవాలో మనమే చోటు చూపించాలి. విశాఖపట్నం నుంచి మనవరాలు ఫోన్లో చెబితే నవ్వాలో ఏడవాలో తెలీక ఇంకో ఆకు మడిచి బుగ్గన పెట్టుకున్నాను. మా రోజుల్లో శ్రీకూర్మంలో పురుడొస్తే మంత్రసాని తనే వచ్చేది. వెళ్లేటప్పుడు చేటలో బియ్యం, ఒక కొబ్బరికాయ, పాత చీర, చేతిలో కొంత చిల్లర. అంతే. పైగా పని అయిపోయాక ఇంకో గంట కూర్చుని ఊరి కబుర్లన్నీ దులిపి మరీ లేచేది. ఆ కబుర్లకి కూడా రేటు కట్టుంటే మా మావగారు పొలం అమ్ముకోవలసి వచ్చేది.

ఆ మంత్రసాని చేతి పనితనం ఎలా ఉండేదో చెప్తాను, ఆ ఫోను కింద పెట్టు గుంటా. నువ్వుల నూనె గోరువెచ్చగా కాచుకునేది. బాలింతని పీట మీద గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ‘కూకో అమ్మీ, ఈపు సూపించు, పాలు రాకేటి సేస్తాయి?’ అంటూ మెడ కింద మొదలెట్టేది. వెన్నుపూసకి ఇటొక బొటనవేలు, అటొక బొటనవేలు. చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ రెక్కల ఎముకల కింది దాకా దిగడం, మళ్లీ పైకెక్కడం. మధ్యలో ఎవరి గట్టు ఎవరు జరిపారో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో, మా కూర్మనాథుడి డోలోత్సవానికి ఒడిశా నుంచి ఎన్ని బళ్లొచ్చాయో. ఆ కబుర్లలో పడి నవ్వుతుండగా ఎప్పుడో రవిక తడిసిపోయేది. ‘అదుగో, దిగినాయి’ అని బిడ్డని ఒళ్లో పడేసేది. ఎందుకు దిగాయని మేం అడగలేదు. అడిగితే ఆవిడ ఇంకో గంట చెప్పేది, వంటకి ఆలస్యమయ్యేది.

ఇప్పుడు ఆ ఎందుకో మా మనవడు ఫోన్లో చదివి వినిపిస్తాడు. బిడ్డ రొమ్ము పట్టి చీకితే తల్లి మెదడు నుంచి రెండు హార్మోన్లు వస్తాయట. ప్రొలాక్టిన్ పాలు తయారు చేస్తుంది, ఆక్సిటోసిన్ ఆ పాలని కిందికి తోస్తుంది. తల్లికి నొప్పి, భయం, దిగులు ఉన్నాయంటే ఈ రెండోది బిగుసుకు కూర్చుంటుంది, పాలు ఉన్నా దిగవు. వీపు మీద నెమ్మదిగా రాస్తే ఒళ్లు సడలి అది కదులుతుందని ఇండోనేషియాలో మంత్రసానులు దానికి ఆక్సిటోసిన్ మర్దనా అని పేరు పెట్టి, చదువుకునే పిల్లలకి పాఠంగా చెబుతున్నారు. చిన్న చిన్న పరిశోధనలూ చేశారు. జపానులో ఒకేటానీ సోతోమి అనే మంత్రసాని రొమ్ము మర్దనాకి ఒక పద్ధతే కట్టి తన పేరు నిలబెట్టుకుంది. ఫ్రాన్సు డాక్టరు లెబోయర్ అయితే కలకత్తాలో శాంతల అనే తల్లి కాళ్లు చాపుకుని బిడ్డకి నూనె రాయడం చూసి, ఫొటోలు తీసి, 1976లో పుస్తకమే వేశాడు. మా మంత్రసాని దగ్గరికి ఏ దొరా కెమెరా పట్టుకుని రాలేదు. వచ్చినా ముందు అతగాణ్ణి కాళ్లు కడుక్కు రమ్మనేది.

సరే, సంగతికొస్తాను. మనవరాలికి ఆపరేషను కాన్పు. మా రోజుల్లో కోత అంటే బండి కట్టించుకుని, రైలెక్కి, విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి పోవాలి. ఇంట్లో ఏడుపులు, కూర్మనాథుడికి మొక్కులు. ఇప్పుడు పంచాంగంలో ముహూర్తం చూసుకుని కోయించుకుంటున్నారు. 2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రాలో నూటికి 42 కాన్పులు కోతలేనట, తెలంగాణలో నూటికి 60 దాటాయట. అదే సర్వేలో దేశం మొత్తం మీద పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు నూటికి 42 మందికి లోపే. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడు, నేనేం అననక్కర్లేదు. అయినా అంటాను. కోసిన పొట్టతో, నడుములో పొడిచిన మత్తుసూదితో, చేతికి సెలైను గొట్టంతో పడుకున్న పిల్లకి బిడ్డని ఎప్పుడో గంటల తర్వాత చూపిస్తే పాలు ఎలా దిగుతాయి? మామూలు కాన్పులో రెండో మూడో రోజు పొంగే పాలు కోత కాన్పులో ఇంకో రోజు ఆలస్యం కావచ్చు. ఆ ఒక్కరోజు ఆగే ఓపిక ఎవడికీ లేదు. మా పిల్ల కన్నచోట ఆ మర్నాటికే పాలపిండి డబ్బా తెరిచారు.

ఇంతకీ దాని పక్కన ఎవరున్నారంటావ్? నా కూతురు బెంగళూరులో, కూతురి వియ్యపురాలు డల్లాసులో. ఇద్దరూ వీడియోకాల్లో పురుడు పోశారు. చేప చూపుతోనూ, పక్షి రెక్కల కింద వేసుకునీ, తాబేలు తలపుతోనూ పిల్లల్ని సాకుతాయని మా పెద్దలు చెప్పేవారు. మా వూరి గుడి ఆవరణలో తాబేళ్లున్నాయి, రోజూ ఆకులు మేస్తూ నింపాదిగా తిరుగుతుంటాయి. వాటికి ఆ తలపు చాలు, ఎందుకంటే వాటి పిల్లలు పాలు తాగవు. మనిషి పిల్లకి తలపుతో కుదరదమ్మా. చెయ్యి కావాలి.

అందుకే కుట్లు కాస్త ఆరగానే పిల్లని ఇక్కడికి రప్పించాను. నేను కుంపటి సిద్ధం చేశాను, సాంబ్రాణి తెప్పించాను, చెవుల్లో పెట్టడానికి దూది ఉండలు చుట్టాను. ఎండు నెత్తళ్లు, పాత బియ్యం, వెల్లుల్లి కారం, పచ్చి బొప్పాయి కూర. కళింగపట్నం నుంచి చేపలమ్మే మనిషికి పాలసొర వస్తే మా ఇంటికే ముందని కబురు పెట్టాను, సొరపిట్టు తినకుండా పాలు పడిన బాలింతని నేను చూడలేదు మరి. కుంపటి మాత్రం మనవరాలు వాకిట్లోకి తీయించేసింది. మంచం కింద పొగ పెట్టుకుంటే పసిబిడ్డ ఊపిరికి మంచిది కాదట. నేను కన్నది వైశాఖమాసంలో. కింద కుంపటి, పైన రేకుల కప్పు, నడుముకి చీరకట్టు, తలకి గుడ్డ. బతికాను కదా! ఏ బాధా లేదని కాదు, బాధపడడం కూడా ఒక పద్ధతిగా ఉండేది.

మర్నాడు ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ వచ్చింది. నా మునిమనవడికి అక్కలా ఉంటుంది, అంత చిన్నది. నా ముందరే, నా ఇంట్లోనే, నా మనవరాలికి వీపు పామడం ఎలాగో చెప్పడం మొదలెట్టింది. పొట్ట మీద, కుట్ల దగ్గర చెయ్యి పెట్టొద్దు, నూనె తగలనివ్వొద్దు. బోర్లా పడుకోవద్దు, కూర్చుని ముందు బల్ల మీద దిండు పెట్టుకుని దాని మీదికి వాలు, లేదా పక్కకి తిరిగి పడుకో. మెడ కింద నుంచి వెన్నుపూసకి ఇటూ అటూ సున్నాలు చుట్టాలి, మూడు నుంచి అయిదు నిమిషాలు, పాలిచ్చే ముందు. బిడ్డని పొట్ట మీదికి లాక్కోకుండా, కాళ్లు వెనక్కి పోయేలా చంక కింద పట్టుకుని ఇవ్వు. రొమ్ము గట్టిపడితే పిసకొద్దు, వేలితో తేలిగ్గా చంకవైపు నిమురు, చల్లటి గుడ్డ వెయ్యి. ఎర్రబడి జ్వరమొస్తే ఆగకుండా డాక్టరు దగ్గరికి రా. గట్టిగా పిసికితే వాపు ఇంకా పెరుగుతుందని 2022లో అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అనే డాక్టర్ల సంఘం కూడా చెప్పిందట. ఇక్కడ నేను కొంచెం దగ్గాను. మా మంత్రసాని వేడి ఆముదం రాసి పిసికితే వీధి చివర కుక్కలు కూడా మొరిగేవి, ఆ సంగతి నేను ఎత్తలేదు.

ఇంకో సంగతీ ఎత్తలేదు. గేదె ఈనితే జున్నుపాల కోసం వీధివీధంతా గిన్నెలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడేది. బెల్లం వేసి వండితే ఆ రుచి, అబ్బ! అదే ఆడది కంటే ఆ మొదటి ముర్రుపాలు చెడ్డవని మా అత్తగారు గోడకి పిండించేది. బిడ్డకి మూడురోజులు పంచదార నీళ్లూ, ఉగ్గుగిన్నెతో ఆముదం చుక్కా. ఇప్పుడు ఆ పచ్చటి చిక్కటి పాలనే బిడ్డకి మొదటి టీకా అంటున్నారు. నర్సమ్మ ‘మీ రోజుల్లో ఏం చేసేవారు మామ్మా?’ అని అడిగితే, మా రోజుల్లో మేం అడిగితే తప్ప నర్సులు మాట్లాడేవారు కాదన్నాను. అప్పట్లో మా పేటలో నర్సే లేదు, అది వేరే సంగతి.

అసలు ఘోరం ఆ తర్వాత జరిగింది. నూనె గిన్నె అందుకోబోయాను. నా వేళ్లు వంకర్లు తిరిగిపోయాయి, గట్టిగా పట్టు దొరకదు. నర్సమ్మ ఆ గిన్నె తీసుకుని గుమ్మంలో నిలబడ్డ మనవరాలి మొగుడికి ఇచ్చింది! మగాణ్ణి! పురిటింట్లోకి! మా ఆయన పదకొండో రోజుదాకా గుమ్మం తొక్కలేదు, బిడ్డ ముఖం కిటికీలోంచి చూసి ముక్కు తనదేనని సంతోషించి బజారుకి పోయాడు. ఇండోనేషియాలో కూడా మొగుళ్లకే నేర్పుతారట, మనవడు వెంటనే ఫోను చూసి చెప్పాడు, ఎవడడిగాడు వీణ్ణి?

ఆ కుర్రాడు కూర్చుని రాస్తున్నాడు. రాయడం రాదు, ముగ్గు చెరిపినట్టు చెరుపుతున్నాడు. ‘బాబూ, పైనుంచి కిందికి’ అన్నాను. ‘అలాగే మామ్మగారూ’ అన్నాడు. ‘సున్నాలు చుట్టాలి బాబూ.’ ‘చుడుతున్నానండి.’ వాడి సున్నాలు చూసి పిల్లకి నవ్వొచ్చింది. కుట్లు లాగుతాయి నవ్వకే అంటే ఇంకా నవ్వింది, దిండుని పొట్టకి అదుముకుని. నేనూ ఆ డోలోత్సవం నాటి కబుర్లు రెండు చెప్పాను, మంత్రసాని లేని లోటు ఎవరో ఒకరు తీర్చాలి కదా. కాసేపటికి రవిక తడిసింది.

నా సొరపిట్టు వల్లే అన్నాను. ఆ పూట ఇంకా పాలసొర రానేలేదని మనవడు గుర్తు చేశాడు.

ఇప్పుడు రెండు గంటలకోసారి ఆ కుర్రాడి ఫోను మోగుతుంది, లేచి నూనె కాస్తాడు. కాచడం కూడా రాదు, పొగ వచ్చేదాకా పెడతాడు. మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకోమని ఎన్నిసార్లు చెప్పినా వినడు, దానికో థర్మామీటరు తెప్పిస్తున్నాడట. ఆన్‌లైనులో.