జారుడుబల్ల మీద తాతగారు

వృద్ధాశ్రమం అనకూడదట, ‘సీనియర్ కేర్ హోమ్’ అనాలట. పేరు ఏదైనా పొద్దున్న ఆరింటి తంతు ఒకటే. సిస్టర్ గ్లూకోమీటరుతో మంచం మంచానికీ వస్తుంది. ఎనభయ్యారేళ్ళ తాతగారి వేలు పొడుస్తుంది. వచ్చిన అంకెని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. ‘ఫాస్టింగ్ 84! సూపర్ సిస్టర్!’ అని డాలస్ నుంచి కొడుకు, రెండు దండాలతో సిడ్నీ నుంచి కూతురు. తాతగారు రాత్రి నిద్రపోయారా, నాలుగు మెతుకులు తిన్నారా అన్నవి గ్రూపు పరిధిలోకి రావు.

ఆ 84 పాతికేళ్ళ కుర్రాడిదైతే ముచ్చటే. కిడ్నీలు మొరాయిస్తూ, మధ్యాహ్నం తిన్నదేమిటో సాయంత్రానికి గుర్తులేని మనిషి, అదీ ఇన్సులిన్ మీద ఉన్నవాడిదైతే, పిట్టగోడ మీద నడక. ఇలాంటివారికి పరగడుపున 100 నుంచి 180, పడుకోబోయే ముందు 110 నుంచి 200 ఉన్నా ఫరవాలేదని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ తన ప్రమాణాల్లో రాసుకుంది. హెచ్‌బీఏ1సీని పట్టుకు వేలాడొద్దనీ చెప్పింది. నిజమే మరి, అది మూడు నెలల సగటు. రాత్రి 45, పగలు 260 ఉన్నా సగటు మాత్రం బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది. మన హోముల్లో లెక్క వేరు: 170 వస్తే నేరం, 70 వస్తే ఘనత.

షుగర్‌ని మెడలు వంచి దించితే ఏమవుతుందో చూడకపోలేదు. అమెరికా, కెనడాల్లో పదివేల మందికి పైగా పాల్గొన్న ‘అకార్డ్’ పరిశోధనలో గట్టిగా తగ్గించిన వర్గంలోనే చావులు ఎక్కువయ్యాయి. 2008లో ఆ వైద్యాన్ని మధ్యలోనే ఆపేశారు. వాళ్ళ సగటు వయసు 62. మన తాతగారి ముందు పిల్లలు.

ఇక గోడమీది చార్టు. 150 దాటితే 2 యూనిట్లు, 200 దాటితే 4, 250 దాటితే 6. దీన్ని స్లైడింగ్ స్కేల్ అంటారు. జారుడుబల్ల అన్నా తప్పులేదు, పైకెక్కడం, సర్రున జారడం, మళ్ళీ ఎక్కడం. మూత్రంలో చక్కెర చూసి ఇన్సులిన్ లెక్కగట్టిన 1930ల నాటి సరుకిది. పెద్దవాళ్ళకి దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దని అమెరికా వృద్ధవైద్యుల సంఘం 2012లోనే తన ‘బీర్స్’ జాబితాకి, అంటే ముసలివాళ్ళకి తగని మందుల పట్టికకి, ఎక్కించింది. నర్సింగ్ హోముల విషయంలో డయాబెటిస్ అసోసియేషన్ 2016లో అదే మాట అంది. చార్టుకి మాత్రం ఏటా కొత్త లామినేషన్. పైగా ఏడున్నరకి సూది వేస్తారు, వంటమనిషి బస్సు దొరక్క ఇడ్లీ తొమ్మిదింటికి వస్తుంది. ఇన్సులిన్‌కి ఆ బస్సు సంగతి తెలియదు.

తిండి సంగతి చెప్పాలంటే కడుపు తరుక్కుపోతుంది. అన్నం బంద్, రెండు పుల్కాలు. పళ్ళు లేని నోటికి పుల్కా! సంక్రాంతినాడు పక్క గది అరిసెల వాసన మాత్రం ఉచితం. నాలుగింటికి టీతో మేరీ బిస్కెట్లు ధారాళంగా పెడతారు. మైదా, పంచదార కలిపి చేసినవే అయినా తియ్యగా తోచవు కాబట్టి అవి పథ్యం. చిక్కిపోతున్న ముసలివాళ్ళకి ఇలాంటి కట్టడి వద్దు, నచ్చింది తిననివ్వండని ఆ 2016 పత్రమే చెబుతుంది. తింటే కదా మందుకి పని.

తెల్లవారుజామున మూడింటికి తాతగారికి చెమటతో బనియను తడిసిపోతుంది. మాట తడబడుతుంది. ఎప్పుడో పోయిన తమ్ముణ్ణి పిలుస్తారు. ‘మతిమరుపు ముదిరింది’ అని ఆయా దుప్పటి సర్దుతుంది. ఆ వేళ వేలు పొడవరు. రిజిస్టరులో ఆ టైముకి గడే లేదు మరి. కాసిని పంచదార నీళ్ళు పట్టిస్తే తేరుకునే సంగతే, కానీ షుగర్ పేషెంటుకి పంచదారా? శివ శివా.

తాతగారికి మాత్రం తన ఒళ్ళు తనకు తెలుసు. చూడ్డానికొచ్చిన చెల్లెలి చేత తెప్పించుకుని దిండు కింద బెల్లంముక్క దాచుకున్నారు. మొన్న పక్క దులుపుతుంటే దొరికింది. మేనేజరుగారు ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. కొడుకు వీడియో కాల్లో అరగంట చీవాట్లు పెట్టాడు. బెల్లం చెత్తబుట్టలోకి పోయింది. మర్నాడు ఫాస్టింగ్ 61. గ్రూపులో ఏడు బొటనవేళ్ళు.