ముళ్లపొదలో నేను

నేను గోల్ఫ్ బంతిని. వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములు దాటకూడదు అన్న కొలతలకు లోబడి పుట్టాను. నా బతుకంతా స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులోనే. దగ్గర్లో సముద్రం, విడవని గాలి, పసుపు పూల గోర్స్ ముళ్లపొదలు, లోతైన ఇసుక బంకర్లు. సాపు పచ్చిక మీద ఆగితే నన్ను ఎవరైనా ఆడతారు. చెడ్డచోట పడ్డప్పుడే ఆటగాడెవరో తెలుస్తుంది.

1744లో ఎడిన్‌బరో పక్కన లీత్‌లో రాసుకున్న 13 నియమాలే మా ఆటకు దొరికినవాటిలో అన్నిటికన్నా పాతవి. బంతి ఆడటానికి వీలుగా రాళ్లూ ఎముకలూ ఏరెయ్యకూడదని అప్పుడే రాశారు. సాపు పచ్చిక మీద, అదీ ఒక క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) పొడవు లోపల మాత్రమే మినహాయింపు. ఇప్పుడు ఎండుటాకులు, రాళ్లు ఎక్కడైనా తీయొచ్చు. 2019 నుంచి బంకర్లో కూడా. పడ్డచోట ఉన్నదున్నట్టు ఆడాలన్న మూలసూత్రం మాత్రం చెక్కుచెదరలేదు.

ఒక సాయంత్రం గోర్స్ పొద మొదట్లో ఇరుక్కున్నాను. నన్ను ఆడుతున్నావిడ వంగి చూశారు. ఎండుపుల్ల తీయబోతే నేను కదులుతానేమో. కదిలితే ఒక స్ట్రోక్ పెనాల్టీ, నన్ను మళ్లీ అక్కడే పెట్టాలి. పచ్చికొమ్మ విరవకూడదు, వంచి తొక్కిపట్టకూడదు. చుట్టూ ఎవరూ లేరు. అయినా ఆవిడ ఆకును కూడా ముట్టుకోలేదు. 'ఇది ఆడలేని బంతి' అని పైకే చెప్పారు. నీటిగుంటల్లాంటి పెనాల్టీ ఏరియాలో తప్ప ఎక్కడైనా అలా తేల్చే హక్కు ఆటగాళ్లదే. ఒక స్ట్రోక్ కలుపుకుంటే మూడు దారులున్నాయి: ఇంతకుముందు కొట్టినచోటికే వెళ్లడం, హోల్‌నూ నన్నూ కలిపే గీత మీద వెనక్కి జరగడం, హోల్‌కు దగ్గర కాకుండా రెండు క్లబ్బుల దూరం లోపల డ్రాప్ చెయ్యడం. ఆవిడ డ్రైవర్ క్లబ్బుతో కొలిచి, మోకాలి ఎత్తు నుంచి నన్ను వదిలారు. ఆ నిజాయితీ చేతుల్లో ఉన్నందుకు నాకు గర్వం.

బంకర్లో ఈ రెండో, మూడో దారులు బంకర్ లోపలే. గీత మీద వెనక్కి వెళ్లి బయట డ్రాప్ చెయ్యాలంటే రెండు స్ట్రోకులు చెల్లించాలి. ఈ వెసులుబాటూ 2019లోనే వచ్చింది. 1978 ఓపెన్ పోటీలో ఆటగాడు టామీ నకజిమాకు అది లేదు. మా 17వ హోల్ గ్రీన్ మీద ఆయన పుట్ చేసిన బంతి రోడ్ బంకర్లోకి దొర్లింది. బయటపడటానికి నాలుగు దెబ్బలు పట్టాయి.

నా జాతికి చెందిన మరో బంతి కథ అమెరికాది. 1987లో టోరీ పైన్స్ కోర్సులో జరిగిన పోటీలో ఆటగాడు క్రెయిగ్ స్టాడ్లర్ చెట్టు కింది బంతిని మోకాళ్ల మీద కూర్చుని ఆడాడు. ప్యాంటుకు మట్టి అంటకుండా తువ్వాలు పరుచుకున్నాడు. అది నిలిచే చోటును మెరుగుపరచుకోవడమేనని తేలింది. పెనాల్టీ కలపకుండా స్కోర్‌కార్డు ఇచ్చేసినందుకు పోటీ నుంచే తొలగించారు. పెనాల్టీ సబబే, తొలగింపు మాత్రం కఠినం. తెలియక వదిలేసిన పెనాల్టీకి ఇప్పుడు తొలగింపు లేదు. మంచి మార్పు.

మా ఆటలో ప్రతి జట్టు వెంటా రిఫరీ ఉండడు. అందుకే అడుగుతున్నాను: నేను ముళ్లలో పడితే కాలితో జరపకండి. ఆడగలిగితే ఆడండి, లేదా ఒక స్ట్రోక్ రాసుకుని బయటికి తీయండి.