తొక్కేది పెద్దలు, కడిగేది పిల్లలు

కువైట్‌లో సముద్రాన్ని కాపాడటం తేలికే. ఒక ఫ్లెక్సీ, యాభై టీషర్టులు, ఒక స్కూలు బస్సు, దొరికితే ఒక ముఖ్య అతిథి ఉంటే చాలు. సముద్రం ఎలాగూ అక్కడే ఉంటుంది.

సెలవు రోజు పొద్దున్నే పిల్లల్ని సాల్మియా ఒడ్డున దించుతారు. చేతులకు గ్లౌజులు, ప్లాస్టిక్‌వి. తాగడానికి సీసాలు, అవీ ప్లాస్టిక్కే. చెత్త సంచుల సంగతి చెప్పక్కర్లేదు. ముఖ్య అతిథి ఒక సీసా ఏరుతారు. ఫొటో సరిగా రాకపోతే దాన్నే కింద పెట్టి మళ్లీ ఏరుతారు. పదింటికల్లా సర్టిఫికెట్లు. అవి ఫేస్‌బుక్‌లోకి ఎక్కుతాయి, రాయచోటిలో మేనమామ లైక్ కొడతాడు, గల్ఫ్ సముద్రానికి గండం గడిచినట్టే.

పిల్లలు ఆ పూట నేర్చుకునేది ఒకటే: సముద్రానికి శత్రువు చిప్స్ ప్యాకెట్. పాపం, దానికి నోరు లేదు, ఏ మంత్రిత్వ శాఖ కిందికీ రాదు. ముద్దాయిగా నిలబెట్టడానికి అంతకంటే అనువైనది ఏముంది? 2009 ఆగస్టులో మిష్రెఫ్ పంపింగ్ స్టేషన్ మూలపడి, మురుగు శుద్ధి లేకుండా సముద్రంలో కలిసిన సంగతి ఏ క్విజ్ పోటీలోనూ అడగరు. 2001 వేసవిలో కువైట్ బేలో మెయిద్ అనే చేపలు 2,500 టన్నులకు పైగా చచ్చి తేలాయి. చంపింది స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా. వేడి, కదలని నీళ్లు, ఒడ్డు నుంచి చేరిన మురుగు దానికి తోడయ్యాయని శాస్త్రవేత్తలు అనుమానించారు. అన్ని చేపల్ని చంపాలంటే ఎన్ని చిప్స్ ప్యాకెట్లు కావాలో లెక్కల మాస్టారే చెప్పాలి.

ఈ దేశంలో నది లేదు. పిల్లాడు తాగే నీళ్లు దాదాపుగా సముద్రపు నీటిలో ఉప్పు తీసినవే. తీసిన ఉప్పు ఏమవుతుంది? చిక్కటి ఉప్పునీరై, వేడిగా, తిరిగి సముద్రంలోకే పోతుంది. ఆ సముద్రం అసలే వేడి: 2020 జులైలో కువైట్ బే నీళ్లు 37.6 డిగ్రీలకు చేరాయి. మనిషికైతే ఆ వేడికి పారాసిటమాల్ ఇస్తాం.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. ఇక్కడ పని పంచుకున్నారు: తొక్కడం పెద్దల వంతు, కడగడం పిల్లల వంతు.

అసలు పని చేసేవాళ్లు లేకపోలేదు. కువైట్ డైవింగ్ టీమ్ స్వచ్ఛంద సభ్యులు పగడపు దిబ్బలకు చిక్కుకున్న వలల్ని, మునిగిన పడవల్ని ఏళ్లుగా పైకి లాగుతున్నారు. కరూ, ఉమ్ అల్ మరాదిమ్ దీవుల్లో తాబేళ్లు ఇంకా గుడ్లు పెడుతున్నాయి. ఆ పాఠాలకు ఫ్లెక్సీ అక్కర్లేదు, అందుకే కాబోలు ఎవరికీ అంత గుర్తుండవు.

ఇక్కడి మన తెలుగువాళ్ల మాట కూడా చెప్పుకోవాలి. ‘మన సముద్రమా ఏమన్నానా’ అంటూనే ఇక్కడ జుబైదీ అనే చందువ చేప తెచ్చి పులుసు పెట్టుకుంటాం. ఆ మురుగు సంగతి అడగడానికి మనకు అకామా (నివాస అనుమతి) భయం, పిల్లలకు మార్కుల భయం.

సముద్రాన్ని కాపాడతామని గల్ఫ్ దేశాలు కువైట్‌లోనే ఒప్పందం మీద సంతకాలు పెట్టింది 1978 ఏప్రిల్ 24న. ఏటా ఆ రోజున ప్రాంతీయ పర్యావరణ దినం జరుపుతారు. టీచర్లకు ఒక్క మనవి. ఈసారి బీచ్ వద్దు. అనుమతి తీసుకుని, మురుగు కాలువ సముద్రంలో కలిసే చోటికి పిల్లల్ని తీసుకెళ్లండి. నీళ్లు పట్టించి, ఉప్పు, వేడి, ఆక్సిజన్ కొలిపించండి. ఆ అంకెలు ఎందుకు అలా ఉన్నాయో సంబంధిత అధికారులకు వాళ్లచేతే ఉత్తరం రాయించండి. ముఖ్య అతిథిని పిలవనక్కర్లేదు, ఆ వాసనకు ఆయన రారు.