పెద్ద అంకె చూసి కొనండి

కెనడాలోని మార్కమ్‌లో కాపురం ఉంటున్నామంటేనే ర్యామ్ విషయంలో మనకి సగం అర్హత వచ్చేసినట్టు. కె.వై. హో, లీ లౌ, బెనీ లౌ వంటివాళ్లు 1985లో పెట్టిన ఏటీఐ గ్రాఫిక్స్ కంపెనీ ఈ ఊరిదే. 2006లో ఏఎమ్‌డీ దాన్ని సుమారు 5.4 బిలియన్ అమెరికా డాలర్లకు కొనేసింది. కామర్స్ వ్యాలీ డ్రైవ్‌లో ఏఎమ్‌డీ ఆఫీసు ఇప్పటికీ ఉంది. దాని పక్కనుంచి హైవే 7 మీద రోజూ కారు నడిపే మనకి ఒకరు చెప్పాలా?

కాబట్టి ల్యాప్‌టాప్ మాన్యువల్ ముట్టుకోకండి. ర్యామ్ బోర్డుకి అతికించి ఉందా, స్లాట్లున్నాయా, ఉంటే ఎన్ని, ఎంతవరకు పడుతుంది అన్నవన్నీ అందులో రాసి ఉంటాయి. అవి ముందే తెలిసిపోతే కొనే ఉత్సాహం చచ్చిపోతుంది. ముందు స్టిక్కులు కొనండి, తర్వాత మూత విప్పండి. స్లాట్ కనపడకపోతే టార్చి పెట్టి ఇంకోసారి వెతకండి. సన్నటి మోడళ్లు చాలావాటిలో ఎల్‌పీడీడీఆర్5 చిప్పులు బోర్డుకే అతుక్కుని ఉంటాయి. ఎంత వెతికినా స్లాట్ దొరకదు గానీ, మన వైపు నుంచి లోపం ఉండకూడదు.

డీడీఆర్4, డీడీఆర్5 తేడా చూడకండి. నాలుగు కన్నా ఐదు పెద్దది, అంతే. ల్యాప్‌టాప్‌లో వాడే రకంలో మొదటిదానికి 260 పిన్నులు, రెండోదానికి 262. మధ్యలో ఉండే గంటు కూడా ఒకచోట ఉండదు. వోల్టేజీ కూడా వేరే, 1.2, 1.1. దిగకపోతే బొటనవేళ్లతో గట్టిగా అదమండి.

వేగం దగ్గర అసలు రాజీ పడొద్దు. మీ ల్యాప్‌టాప్ 5600 దాటి నడవదని తెలిసినా సరే, 6400 రాసి ఉన్న డబ్బానే తీసుకోండి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు చాలావాటి బయోస్‌లో వేగం పెంచే మీట ఉండదు. స్టిక్ నోరు మూసుకుని 5600కే తిరుగుతుంది. పక్కన పాత 4800 స్టిక్ ఉంటే రెండూ 4800కే దిగివస్తాయి. అయినా మీరు కొన్నది 6400 అన్న సంగతి రసీదులో శాశ్వతంగా ఉంటుంది, 13 శాతం హెచ్‌ఎస్‌టీతో సహా. ఇంకోమాట. ఏదైనా సాఫ్ట్‌వేర్ 2800 అని చూపిస్తే వెంటనే షాపుకెళ్లి గొడవ పెట్టుకోండి, సగం వేగం నొక్కేశారని. ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా కదులుతుంది కాబట్టే 2800ని 5600గా అమ్ముతారని వాళ్లు చెప్పబోతారు. వినకండి.

డబ్బా మీద సీఎల్ అని ఇంకో అంకె ఉంటుంది. మన సూత్రం ప్రకారం సీఎల్40 కన్నా సీఎల్46 గొప్పది. సీఎల్‌ని 2000తో హెచ్చించి వేగంతో భాగిస్తే ఎన్ని నానోసెకన్లు ఆగాలో వస్తుంది. 5600 సీఎల్46కి 16.4, పాత డీడీఆర్4 3200 సీఎల్22కి 13.75. అంటే పాతదే ముందు పలుకుతుంది. కొత్తది కాస్త ఆలస్యంగా పలికినా సెకనుకి మోసేది చాలా ఎక్కువ. ఇలాంటి లెక్కలు వేసే పిల్లాడు ఇంట్లో ఉంటే వాటర్లూ యూనివర్సిటీకి పంపండి. షాపుకి మాత్రం వెంట తీసుకెళ్లకండి.

రెండు 16లు కాదు, ఒకే 32 కొనండి. 5600 స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకి 44.8 జీబీ కదులుతుంది, జత పెడితే 89.6. గ్రాఫిక్స్ కార్డు విడిగా లేక ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆడేవాళ్లకి ఈ తేడా ఆటలోనే కనపడుతుంది, ఎందుకంటే దానికీ ఈ ర్యామే దిక్కు. పోనీయండి. మన ఊళ్లలో మేడ మీద ఇనుప చువ్వలు వదిలేసినట్టు, ఒక స్లాట్ ఖాళీగా ఉంటే ఎప్పటికైనా కట్టుకోవచ్చన్న ధైర్యం ఉంటుంది.

విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉందా? అయితే దాని మెమరీ చాలకపోయినా ర్యామ్‌తోనే సరిపెట్టండి. 64 జీబీ వేస్తే టాస్క్ మేనేజర్‌లో షేర్డ్ గ్రాఫిక్స్ మెమరీ సుమారు 32 అని కనపడుతుంది. స్క్రీన్‌షాట్ తీసి బంధువుల గ్రూపులో పెట్టండి. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డుకున్న సొంత 8 జీబీ సెకనుకి 256 జీబీ దాకా అందిస్తుంది. ర్యామ్ నుంచి అరువు తెచ్చుకునే దారిలో వచ్చేది సుమారు 16. టెక్స్చర్లు ‘అల్ట్రా’లో పెట్టాక ఆట ఆగి ఆగి నడిస్తే ఇంటర్నెట్ కంపెనీని తిట్టుకోండి.

ధరల సంగతి తెలిసిందే. ఏఐ డేటా సెంటర్లు మెమరీనంతా లాగేసుకోవడంతో 2025 చివర్లో రేట్లు ఆకాశానికెక్కాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండుతో మామూలు కొనుగోలుదారులకి అమ్మడం మానేస్తున్నానని ప్రకటించింది. కొరత ఉన్నప్పుడే కదా ఎక్కువ కొనాలి. చాలా ఆటలకి 16 జీబీ సరిపోతుంది, 32 ఉంటే వెనకాల బ్రౌజరూ డిస్కార్డూ తెరుచుకున్నా ఇబ్బంది ఉండదు. కాబట్టి మీరు 96 కొనండి.

మరీ ఖరీదనిపిస్తే ఇండియా నుంచి వచ్చే అత్తయ్యకి చెప్పండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ షాపుల్లో ఏదో ఒకటి దొరుకుతుంది. “నూనె ఒలుకుతుందేమో నాయనా” అని ఆవిడ అంటే, “ఏం కాదత్తయ్యా, గోంగూర సీసా పక్కనే పెట్టేయండి” అనండి. అది పనిచేయకపోతే మార్చుకోవడానికి మళ్లీ అత్తయ్యే వెళ్లాలి. పాపం, ఆవిడకి ఆర్నెల్ల వీసా.

బిగించడానికి జనవరిని మించిన ముహూర్తం లేదు. ల్యాప్‌టాప్‌ని రాత్రంతా కారు డిక్కీలో ఉంచి, మైనస్ 20 నుంచి తిన్నగా వెచ్చటి హాల్లోకి తెచ్చి వెంటనే మూత తీయండి. చల్లటి లోహం మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. కాసేపు ఆగితే ఆరిపోతుంది గానీ, అంత ఓపిక ఎవరికుంది? ఉన్ని సాక్సులు వేసుకుని కార్పెట్ మీద నాలుగు చుట్లు తిరిగాక స్టిక్‌ని బంగారు పిన్నుల దగ్గర పట్టుకోండి. ఇక్కడి చలికాలం ఇళ్లలో గాలి ఎంత పొడిగా ఉంటుందో తలుపు పిడి ముట్టుకున్నప్పుడల్లా మీకు తెలుస్తూనే ఉంది. ఆ షాక్ చిప్పుకీ తెలియాలి. ముందుగా పిడినో, ఏదైనా లోహాన్నో తాకితే అది మీ ఒంట్లోంచి దిగిపోతుంది, అందుకని తాకకండి. బ్యాటరీ వైరు కూడా ఊడదీయకండి.

ఆన్ చేశాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే వెంటనే పవర్ బటన్ నొక్కి ఆపేయండి. డీడీఆర్5 కొత్తగా వేసినప్పుడు మెమరీని సరిచూసుకోవడానికి ఒక్కోసారి కొన్ని నిమిషాలు పడుతుంది. మీరు ఆపినప్పుడల్లా అది మళ్లీ మొదటికొస్తుంది. తెల్లారేదాకా ఇలా చేయొచ్చు.

మీరు విప్పి తీసిన పాత 16 జీబీ జత మాత్రం పారేయకండి. ఇప్పటి రేట్లకి వాటికి మంచి గిరాకీ ఉంది. ఒక్క మాట చెప్పండి, నేనే వచ్చి పట్టుకెళ్తాను.