ఏడో సబ్జెక్టు

పదో తరగతికి ఆరు సబ్జెక్టులని బోర్డు చెబుతుంది. బోర్డు లెక్కకు రాని ఏడోది ఒకటుంది. దానికి పుస్తకం లేదు, సిలబస్ లేదు, కాబట్టి పేపర్ లీకయ్యే బెడదా లేదు. బడి గేటు దాటిన మొదటి రోజే మార్కులు పడిపోతాయి. రీకౌంటింగ్ ఉండదు, సప్లిమెంటరీ అసలే ఉండదు. ఆ సబ్జెక్టు పేరు మొహం. అందులో మంచి మార్కులొచ్చిన పిల్లకు స్నేహితులు వాళ్లంతట వాళ్లే వస్తారు, పక్క సీటు కోసం పోటీ పడతారు, బడికి ఒకరోజు రాకపోతే నోట్సు మూడిళ్ల నుంచి వస్తుంది. తప్పిన పిల్ల కూడా ఆ గుంపులోనే ఉంటుంది. గ్రూప్ ఫొటో తీయడానికి ఫోను పట్టుకునే మనిషి ఒకరు కావాలి కదా.

ఈ మధ్య ఈ సబ్జెక్టు మీద పెద్దల ఆవేదన బాగా ఎక్కువైంది. పెళ్లి పందిట్లో, పార్కు బెంచీ మీద, అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎక్కడ చూసినా ఒకటే మాట. ‘ఫోన్లొచ్చాక పిల్లలు పాడైపోయారండీ. పొద్దస్తమానం అద్దమే, సెల్ఫీయే. మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి? మనిషికి గుణం ముఖ్యం గానీ అందమా?’ ఎంత గొప్ప మాట! అదే నోటితో పక్కింటావిడ వైపు తిరిగి, ‘ఏంటి వదినా, పిల్ల ఇలా నల్లబడిపోయింది, ఎండలో తిరగనిస్తున్నావా?’ అనడానికి మధ్యలో ఊపిరి పీల్చుకునేంత వ్యవధి కూడా తీసుకోరు.

పిల్లలకు ఈ చదువు చెప్పింది ఫోను కాదు. తల్లి కడుపులో ఉండగానే కుంకుమపువ్వు పాలతో అడ్మిషన్ అయిపోయింది. బిడ్డ పుట్టాక మంచం చుట్టూ చేరిన పెద్దవాళ్లు బరువెంత, పాలు తాగుతోందా అని అడగకముందే చెవులు చూస్తారు. చెవుల రంగును బట్టి బిడ్డ ముందుముందు ఏ ఛాయకు తేలుతుందో చెప్పడం మన ఇళ్లలో వంశపారంపర్యంగా వస్తున్న శాస్త్రం. ఆ తర్వాత శనగపిండి నలుగు. పాపం, మెడ నిలవకముందే దానికి ర్యాంకు వచ్చేసింది. ఇక ‘మా రోజుల్లో’ అంటారా, ఆ రోజుల్లో పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు అమ్మాయిని నడిపించి చూశారు, పాడించి చూశారు, జడ అసలుదో సవరమో వాకబు చేశారు. తెల్లని, సన్నని వధువు కావలెనని పేపర్లో అచ్చు వేయించినప్పుడు ఏ యాప్ ఉందో చెప్పమనండి.

సరే, బడికి వద్దాం. ఏడో సబ్జెక్టుకు పబ్లిక్ పరీక్ష జరిగేది వార్షికోత్సవం రోజున. కొన్నాళ్ల ముందు డాన్సు మాస్టారూ, క్లాసు టీచరూ వరండాలో నిలబడి సెలక్షన్ చేస్తారు. ‘నువ్వు రామ్మా, నువ్వు రా. నువ్వు కాదు, నీ వెనకున్న పాప.’ స్వాగత నృత్యంలో ముందు వరస, ముఖ్య అతిథికి పూలగుచ్ఛం అందించే చెయ్యి, జ్యోతి ప్రజ్వలనలో పళ్లెం పట్టుకునే చెయ్యి, వచ్చే ఏటి ప్రాస్పెక్టస్ అట్ట మీద నవ్వే మొహం, అన్నీ ఆ నలుగురైదుగురివే. తక్కినవాళ్లకు బృందగానం ఉంది. అక్కడా చోటు చాలకపోతే వానరసేన ఉంది, రాక్షసులున్నారు, చెట్లున్నాయి. చెట్టుగా నిలబడ్డ పిల్ల తల్లిదండ్రులు కూడా కాస్ట్యూముకు డబ్బు కట్టాల్సిందే. ఆ ఒక్క విషయంలో బడి ఎవరినీ తక్కువగా చూడదు.

అన్నిటికంటే నాకు ముచ్చటేసేది కృష్ణాష్టమి. పురాణాల్లో కృష్ణుడు నలుపు, ద్రౌపది నలుపు, ఆ మాటకొస్తే రాముడూ నలుపే. ప్రతి క్లాసులోనూ అరడజను మంది కృష్ణులు రెడీమేడ్‌గా బెంచీల మీద కూర్చుని ఉంటారు. వాళ్లను వదిలేసి, బడి మొత్తంలో అందరికంటే తెల్లటి పిల్లాణ్ని వెతికి తెచ్చి వాడికి నీలిరంగు పూస్తారు. రంగు ఖర్చు, దురద, రాత్రికి వాళ్లమ్మ కొబ్బరినూనె పెట్టి తుడిచే అవస్థ, అన్నీ అదనం. అసలు సిసలు నలుపేమో పక్కనే గొల్లపిల్లాడి వేషంలో కర్ర పట్టుకుని చూస్తూ ఉంటుంది.

టీచర్లు మాత్రం ‘మాకందరు పిల్లలూ సమానమే’ అంటారు. నిజంగానే అలా అనుకుంటారు కూడా, చిక్కంతా అక్కడే ఉంది. 1973లో అమెరికాలో మార్గరెట్ క్లిఫర్డ్, ఎలేన్ వాల్‌స్టర్ అనే ఇద్దరు పరిశోధకులు అయిదో తరగతి టీచర్లకు ఒకే ప్రోగ్రెస్ కార్డు పంపారు. మార్కులు అవే, హాజరు అదే. అంటించిన ఫొటో ఒక్కటే వేరు. అందమైన ఫొటో ఉన్న కార్డు చూసిన టీచర్లు ఆ బిడ్డ తెలివైనదన్నారు, పై చదువులకు వెళ్తుందన్నారు, తల్లిదండ్రులకు చదువు మీద శ్రద్ధ ఎక్కువని కూడా ఊహించారు. చూశారా, బుగ్గలు బాగుంటే అమ్మానాన్నలకు కూడా మార్కులు కలుస్తాయి. అమెరికా దాకా దేనికి, మన స్టాఫ్ రూములో వినండి. అందగాడు బల్ల విరగ్గొడితే అల్లరి, మరొకడు విరగ్గొడితే పొగరు.

నల్లోడు, బండది, పొట్టోడు, పళ్లికిలి, సోడాబుడ్డి. ఈ బిరుదులిచ్చింది ఇన్‌స్టాగ్రామా? గ్రౌండులో పీటీ మాస్టారు ‘ఒరేయ్ బండోడా, కదలరా’ అని ఒక్క కేక వేస్తే చాలు, అది గెజిట్ నోటిఫికేషన్. సాయంత్రానికి బడంతా అమలవుతుంది, ఇరవై ఏళ్ల తర్వాత పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో కూడా వాణ్ని ఆ పేరుతోనే పిలుస్తారు. పిలిచి, ‘ఏదో ప్రేమ కొద్దీ’ అంటారు.

కృష్ణుడి వేషాన్నే సినిమావాళ్లు పెద్ద బడ్జెట్టులో వేస్తారు. 2021లో వచ్చిన ‘పుష్ప’ ఎర్రచందనం కూలీ కథ. అందుకని అల్లు అర్జున్‌కూ, రష్మికకూ నలుపు దిద్దారు. వాళ్ల నటనతో నాకు పేచీ లేదు, ఆయనకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. శేషాచలం అడవిలో నడిచే కథకు సైతం నలుపు మేకప్ పెట్టెలోంచే రావాలా అన్నదొక్కటే నా సందేహం. నలుపు వేషమైతే కథానాయకుడు, ఒళ్లయితే కామెడీ ట్రాక్. 2020లో ‘కలర్ ఫొటో’ వచ్చింది. నల్లటి కుర్రాడు, తెల్లటి అమ్మాయి, వాళ్ల మధ్య ఆ రంగు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. ఇంటిల్లిపాదీ చూసి కన్నీళ్లు పెట్టుకున్నాం. కన్నీళ్లు తుడుచుకుని మొహానికి క్రీము రాసుకున్నాం.

ఆ క్రీముది పెద్ద చరిత్రే. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో అంగళ్లకొచ్చింది. ఎన్ని ప్రకటనలు తీసినా కథ ఒకటే. నల్లటి అమ్మాయికి ఉద్యోగం రాదు, సంబంధం రాదు, తండ్రికి నిద్ర రాదు. ట్యూబొకటి వస్తుంది, దాంతో తక్కినవన్నీ వస్తాయి. కొడుకు లేకపోయెనే అని నిట్టూర్చే తండ్రికి, క్రీము రాసుకుని ఎయిర్ హోస్టెస్ అయిన కూతురు కాఫీ తాగించే ప్రకటన మీద ఐద్వా మహిళా సంఘం వాళ్లు పోరాడితే 2003లో గానీ ఆగలేదు. మగపిల్లలకు అన్యాయం జరగకూడదని 2005లో ఇమామీ వాళ్లు ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ తెచ్చారు. స్త్రీపురుష సమానత్వం మన దగ్గర ఇలాంటి దారుల్లోనే చకచకా నడుస్తుంది. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్యతో ప్రపంచమంతా నలుపు గురించి మాట్లాడుతుండగా లవ్లీ కంపెనీకి జ్ఞానోదయమైంది. పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. నలభై అయిదేళ్ల తపస్సుకు ఒక్క ముక్క ఫలం.

ఇది వేళాకోళానికి లొంగే సంగతి. లొంగనిది మందుల షాపులో ఉంది. ఎగ్జిమాకో, సోరియాసిస్‌కో డాక్టరు రాసిచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌ను, చీటీ లేకుండా కొని, తెల్లబడతామని పదిహేనేళ్ల పిల్లలు మొహానికి పూసుకుంటున్నారు. మొదట నునుపుగా, తెల్లగా అనిపిస్తుంది. నెలల తరబడి పూస్తే చర్మం పల్చబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు లేస్తాయి, వెంట్రుకలు మొలుస్తాయి. మానేస్తే మంట, ఆ మంటకు భయపడి మళ్లీ అదే ట్యూబు. చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధనలు బిగించింది. షాపువాడికి ఆ సంగతి తెలుసు. ‘పక్కింటి ఆంటీ చెప్పింది’ అన్న మాట మన దగ్గర చీటీ కింద చెల్లుతుందనీ తెలుసు.

ఫోను నిర్దోషి అనడం లేదు. ఇన్‌స్టాగ్రామ్ ప్రతి ముగ్గురు టీనేజీ అమ్మాయిల్లో ఒకరికి ఒంటి తీరు గురించిన దిగులును ఇంకా పెంచుతోందని ఫేస్‌బుక్ కంపెనీ సొంత పత్రాల్లోనే రాసుకున్నట్టు 2021లో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. పెంచడమంటే ముందు నాటినవాళ్లుండాలి కదా. ఫిల్టరు కూడా కాలిఫోర్నియాలో పుట్టిందనుకుంటే మన ఊరి ఫొటో స్టూడియోకు అన్యాయం చేసినట్టే. పాస్‌పోర్టు సైజు ఫొటో దిగితే, అడక్కుండానే రెండు ఛాయలు తెల్లగా చేసి కవర్లో పెట్టి ఇస్తాడు స్టూడియోవాడు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు హాల్‌టికెట్ చూసి, పిల్లాణ్ని చూసి, మళ్లీ హాల్‌టికెట్ చూస్తాడు. ఏడో సబ్జెక్టులో మాస్ కాపీయింగ్ అంటే అదే.

మగపిల్లల గోల వేరే ఉంది. ఎత్తు, గడ్డం, కండలు. ఇంటర్ ఫస్టియర్‌లోనే జిమ్ము ఫీజూ, ప్రోటీన్ డబ్బా ఖర్చూ. అదంతా మరోసారి.

నల్లమొహాలు, లావు కళ్లద్దాలు, నూనె జడలు నిలువెత్తున వెలిగే చోటు ఒక్కటుంది. ఎంట్రెన్సు ర్యాంకులొచ్చాక విజయవాడలో, హైదరాబాద్‌లో మొలిచే కాలేజీ హోర్డింగులు. వాటిని చూసి నేను సంతోషించబోయాను. తీరా చూస్తే ఇక్కడా రేట్లు వేరు. మామూలు మొహం హోర్డింగుకెక్కాలంటే మూడంకెల లోపు ర్యాంకు కావాలి. ప్రాస్పెక్టస్ అట్టకెక్కడానికి తెల్లటి పిల్లకు బుగ్గన సొట్ట చాలు.

హెడ్మాస్టర్లకు, కరస్పాండెంట్లకు నాదొక చిన్న మనవి. వచ్చే వార్షికోత్సవంలో పూలగుచ్ఛం ఇచ్చే పని హాజరుపట్టీ వరసలో ఇవ్వండి. మొదటి నంబరు పిల్ల ఎలా ఉంటే అలా స్టేజీ ఎక్కుతుంది. ముఖ్య అతిథి ఏమనుకుంటాడోనని బెంగ పడకండి. ఆయన గుచ్ఛం అందుకుని, కెమెరా వైపు నవ్వి, దాన్ని గన్‌మన్ చేతికిచ్చేస్తాడు, పిల్ల మొహం చూడను కూడా చూడడు. చూసేది ముందు వరస కుర్చీల్లో కూర్చున్న మనమే. ‘ఇంత పెద్ద స్కూల్లో వీళ్లకు ఇంకెవరూ దొరకలేదా?’ అని పక్కవాళ్ల చెవిలో గొణిగేదీ మనమే.