అల్ఫారెట్టాలో అష్టదిగ్గజాలు

తెలుగు సంఘం ఫ్లయర్‌లో ఖాళీ జాగా కనబడితే కమిటీవాళ్లకి నిద్రపట్టదు. అమెరికాలో, మా అల్ఫారెట్టాలో మరీను. విండ్‌వార్డ్ పార్క్‌వే దగ్గర ఇండియన్ షాపు అద్దానికి అంటించే ఉగాది కాగితంలో పంచాంగ శ్రవణం, పిల్లల డాన్సులు, పులిహోర, స్పాన్సర్ల ఫొటోలు, పార్కింగ్ హెచ్చరిక అన్నీ ఉండాలి. అన్నీ లావుగా ఉండాలి. కాగితం మాత్రం ఒక్కటే. ఇన్ని కోరికలు తీర్చగల మొనగాడు ఒక్కడే: రామభద్ర ఫాంటు.

‘రామాభ్యుదయం’ రాసిన అయ్యలరాజు రామభద్రుడి పేరే ఆ ఫాంటుకి. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో గీస్తే, సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా జనం మీదకి వదిలింది. అక్షరాలు గుండ్రంగా, దిట్టంగా, సంక్రాంతి ముందురోజు ఆర్టీసీ బస్సులో జనంలా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడతాయి.

ఆయనొక్కడే కాదు, రాయలవారి కొలువంతా ఫాంట్లై నా లాప్‌టాప్‌లో దిగింది. కాకపోతే ఇంగ్లీషు అక్షరక్రమంలో. రాజులంటే ఒంటికి పడని ధూర్జటి అందరికన్నా పైన కూర్చున్నాడు. ఆంధ్ర కవితా పితామహుడు పెద్దనకి సరిగ్గా పైన ఎన్టీఆర్ పేరున్న ఫాంటు. కృష్ణదేవరాయలు పేరుకి ముందు ‘శ్రీ’ తగిలించుకున్న పాపానికి రామభద్రుడికీ, రామరాజుకీ దిగువన పడ్డాడు. తెనాలి రామకృష్ణుడు దాదాపు చివరి బెంచీ. అది సహజమే.

ఇంగ్లీషు అక్షరాన్ని పక్కలనుంచి నొక్కితే నోరు మూసుకుని సన్నబడుతుంది. తెలుగక్షరం అలా కాదు. నెత్తిన గుడి, కాళ్ల కింద వత్తు. జాగా కలిసొస్తుందని వరసల మధ్య ఎడం తగ్గించామా, పై వరస వత్తు కింది వరస గుడిని తంతుంది. వస్త్రాల స్టాలు పెట్టే ఆవిడకేం తెలుసు, తన స్టాలు పేరులో ‘స్త్ర’కి కింద సెల్లార్ కావాలని! పాత ఫొటోషాప్‌లో అయితే దక్షిణాసియా భాషల సెట్టింగు పెట్టకపోతే అసలు వత్తులు విడాకులు పుచ్చుకుని పక్కకొచ్చి నిలబడేవి.

ఇక లావు సంగతి. ‘థ’ పొట్టలో ఒక చుక్క ఉంటుంది చూశారూ, దానికి ఆ బలిసిన గీతల మధ్య ఊపిరాడదు. వాట్సాప్‌లో ఫ్లయర్ చిన్నదయ్యేసరికి చుక్కా, అడుగునున్న గీతా రెండూ మాయం. పిల్లల కథల పోటీ కాస్తా కదల పోటీ అయింది. “కదలకుండా కూర్చునే పోటీ పెట్టండి, మావాడికి పనికొస్తుంది” అని ఒక తల్లి మెసేజ్ పెట్టింది.

కమిటీ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని అంతా చూశారు.

“బావుంది తమ్ముడూ. హెడ్డింగు ఇంకాస్త బోల్డ్ చెయ్యి.”

“దీనికి ఇంతకన్నా లావు లేదండీ. ఉన్నది ఒక్కటే సైజు లావు.”

“ఏదీ, దాని పేరేంటో చూపించు.”

చూపించాను. ‘రామభద్ర రెగ్యులర్’ అని ఉంది.

“రెగ్యులరే కదయ్యా ఇది!” అన్నారాయన.